శీర్షిక పక్కన స్టార్ గుర్తు

అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వెబ్‌సైట్‌లో ‘టీకాల వల్ల ఆటిజం రాదు’ అనే శీర్షిక ఏళ్ల తరబడి ఉంది. 2025 నవంబరు 19న ఆ శీర్షికను తీసేయలేదు గానీ పక్కన ఒక స్టార్ గుర్తు పెట్టారు. సెనేట్ ఆరోగ్య కమిటీ ఛైర్మన్‌తో కుదిరిన ఒప్పందం వల్లే శీర్షికను ఉంచామని కింద వివరణ ఇచ్చారు. టీకాలకూ ఆటిజానికీ సంబంధం లేదనడానికి తగిన ఆధారం లేదని, ఆ అవకాశాన్ని అధ్యయనాలు పూర్తిగా కొట్టేయలేదని అదే పేజీలో రాశారు. ఈ మార్పు తానే చేయించానని ఆరోగ్య మంత్రి రాబర్ట్ కెనెడీ జూనియర్ చెప్పారు. ఆ ఛైర్మన్ బిల్ క్యాసిడీ స్వయంగా డాక్టరు. సెనేట్ ఆర్థిక కమిటీలో 14–13తో కెనెడీ నియామకం గట్టెక్కిందంటే అది ఆయన ఓటు వల్లే. వెబ్‌సైట్‌లో ఆ మాటను తీయబోమని హామీ తీసుకున్నాకే ఆయన ఓటేశారు. ఇప్పుడు అక్షరాలు మిగిల్చి, ఇచ్చిన మాటను తుంగలో తొక్కారు.

ఇది మనకు దూరపు గొడవ కాదు. డాలస్‌లోనో, ఎడిసన్‌లోనో ఉన్న కూతురు రేపు పిల్లాడికి టీకా అని చెబితే ఇక్కడ అమ్మమ్మకు టెన్షన్ మొదలవుతుంది. సీడీసీయే అలా రాసిందట అన్న మాట ఫోన్ నుంచి ఫోన్‌కు పాకితే ఆపడం ఎవరి తరం?

లేనిదాన్ని లేదని నిరూపించమంటే ఏ శాస్త్రవేత్తా నిరూపించలేడు. ఇంతమందిలో, ఇన్నేళ్లు, ఇన్ని రకాలుగా వెతికాం, కనబడలేదు అని మాత్రమే చెప్పగలడు. ఈ విషయంలో ఆ వెతుకులాట కావలసినంత జరిగింది. డెన్మార్క్‌లో 1999 నుంచి 2010 దాకా పుట్టిన 6,57,461 మంది పిల్లల రికార్డులు తిరగేసి 2019లో ఫలితం ప్రకటించారు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకా తీసుకున్న పిల్లల్లో ఆటిజం ఎక్కువ లేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా తేడా రాలేదు. జపాన్ 1993లో ఎంఎంఆర్ ఆపేసింది. ఆ తర్వాత యోకొహామాలో పుట్టిన పిల్లల్లోనూ ఆటిజం కేసులు పెరుగుతూనే పోయాయి. తప్పంతా టీకాల్లో కలిపే పాదరస పదార్థం థైమెరోసాల్‌ది అన్నారు. అమెరికాలో కొన్ని ఫ్లూ టీకాల్లో తప్ప 2001 నాటికి దాన్ని పిల్లల టీకాల నుంచి తీసేశారు. ఆటిజం లెక్కలు తగ్గలేదు. ఇప్పుడు అల్యూమినియం అంటున్నారు. 12 లక్షల మంది డేనిష్ పిల్లల మీద 2025 జులైలో వచ్చిన అధ్యయనంలో ఆ లంకె కూడా దొరకలేదు. ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమని కెనెడీ అడిగారు, పత్రిక ఒప్పుకోలేదు.

నిజంగా వెనక్కి తీసుకోవాల్సి వచ్చిన వ్యాసం వేరే ఉంది. ఈ భయానికంతటికీ పుట్టిల్లు అదే. 1998 ఫిబ్రవరిలో లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రికి చెందిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం లాన్సెట్ పత్రికలో దాన్ని అచ్చేసింది. చూసింది 12 మంది పిల్లల్ని. టీకా కంపెనీల మీద దావాలు సిద్ధం చేస్తున్న లాయర్ల నుంచి వేక్‌ఫీల్డ్‌కు 4 లక్షల పౌండ్లకు పైగా ముట్టినట్టు, అంతకు ముందు ఏడాదే విడిగా వేసే తట్టు టీకా మీద ఆయన పేటెంటుకు దరఖాస్తు చేసినట్టు బ్రయాన్ డీర్ అనే విలేకరి తవ్వి తీశాడు. కొడుకు పుట్టినరోజు పార్టీకి వచ్చిన పిల్లల చేతిలో అయిదేసి పౌండ్లు పెట్టి రక్తం తీయించుకున్నాడని బ్రిటన్ వైద్య మండలి విచారణలో తేలింది. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని రద్దు చేసింది, వైద్య మండలి ఆయన పేరును డాక్టర్ల జాబితా నుంచి కొట్టేసింది. ఈ లోపు పన్నెండేళ్లు గడిచాయి. రద్దు వార్త చేరని ఇళ్లకు కూడా భయం ఎప్పుడో చేరిపోయింది.

అలా భయపడే తల్లిని తప్పు పట్టడానికి మాకు నోరు రాదు. ఏడాది దాటిన పిల్లాడు అత్త, తాత అంటున్నాడు, టాటా చెబుతున్నాడు. ఏడాదిన్నరకు టీకా వేయించారు, రాత్రికి జ్వరం వచ్చింది. కొన్ని వారాలకు పిలిస్తే తిరిగి చూడటం మానేశాడు, ఉన్న మాటలు కూడా పోయాయి. ఆమె అర్ధరాత్రి ఫోన్‌లో పాత వీడియోలు ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ, ఏ రోజు దాకా బాగున్నాడో వెతుక్కుంటుంది. ఆ రోజులన్నిటిలో కార్డు మీద సిరాతో రాసి ఉన్న తేదీ టీకాది ఒక్కటే. వేలు అక్కడే ఆగుతుంది. ఆమె చూసింది అబద్ధం కాదు. ఆటిజం లక్షణాలు బయటపడే వయసులోనే ఈ టీకా కూడా వేస్తారు. మన దేశంలో తట్టు, రుబెల్లా టీకా రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య. మెదడులో తేడాలు మాత్రం చాలావరకు కడుపులో ఉండగానే మొదలవుతాయి, అందులో జన్యువుల పాత్ర పెద్దది. అమెరికాలో 2000లో 150 మందిలో ఒకరికి ఉన్న ఆటిజం 2022 లెక్కల్లో 31 మందిలో ఒకరికి చేరిందంటే, నిర్వచనం విశాలం కావడం, డాక్టర్లు, టీచర్లు ముందుగా గుర్తుపట్టడం దానికి ముఖ్య కారణాలు.

తట్టు పోసిన పిల్లాడికి వేపమండలు కట్టి, గుమ్మం దాటనీయకుండా కూర్చున్న రాత్రులు మన పెద్దవాళ్లకు గుర్తే. రోగి గదిలోంచి వెళ్లిపోయాక రెండు గంటల దాకా ఆ వైరస్ గాలిలో ఉంటుంది. టీకా లేనివారు పది మంది దాని దరికి వెళితే తొమ్మిది మందికి అంటుకుంటుంది. తగ్గిందనుకున్న కొందరిలో ఏళ్ల తర్వాత మెదడును తినేస్తుంది, దానికి మందు లేదు. తొమ్మిది నెలలు నిండని పసివాళ్లకు చుట్టూ ఉన్నవారి టీకాలే రక్ష. 2000లో తట్టును పారదోలామని ప్రకటించుకున్న అమెరికాలో 2025లో కేసులు 2,000 దాటాయి. టెక్సస్‌లో ఆరేళ్ల పాప, ఎనిమిదేళ్ల పాప చనిపోయారు. ఇద్దరికీ టీకా లేదు. మన దగ్గర 2022 చివర్లో ముంబయి గోవండీ బస్తీల్లో తట్టు పిల్లల్ని పొట్టన పెట్టుకున్నప్పుడు కూడా, కారణం కోవిడ్ రోజుల్లో తప్పిపోయిన టీకాలే.

జనం అనుమానాలన్నీ అజ్ఞానం నుంచే పుడతాయని అనడం అన్యాయం. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో వేలాది మంది ఆడపిల్లలకు, గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో హాస్టల్ వార్డెన్లే పెట్టారు. కొందరు బాలికలు చనిపోయాక 2010లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా తప్పుబట్టింది. గూడెంలో ఆ తల్లికి చెప్పకుండా ఆమె బిడ్డకు సూది వేసిన వ్యవస్థ, రేపు నిజం చెప్పినా ఆమె ఎందుకు నమ్మాలి? తప్పు జరిగితే దాచకుండా చెప్పడమే నమ్మకానికి దారి. అమెరికాలో రోటావైరస్ విరేచనాలకు ఇచ్చే రోటాషీల్డ్ టీకా వల్ల కొందరు పిల్లల్లో పేగులో ఒక భాగం మరో భాగంలోకి చొచ్చుకుపోతోందని నిఘా వ్యవస్థే పసిగట్టి, మార్కెట్లోకి వచ్చిన ఏడాదిలోపే 1999 జులైలో ఆపించింది. పది వేల మందిలో ఒకరికి వచ్చే ప్రమాదాన్ని పట్టుకోగలిగిన కళ్లు, ఆటిజం విషయంలో పాతికేళ్లుగా ఏమీ పట్టుకోలేకపోయాయంటే అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఈ వివాదంలో నష్టపోతున్నది ఆటిజం ఉన్న పిల్లలే. టీకా విషం తీస్తామంటూ చేసే కీలేషన్ చికిత్సలో 2005లో పెన్సిల్వేనియాలో అయిదేళ్ల బాబు చనిపోయాడు. మన దేశంలో స్టెమ్‌సెల్ పేరుతో లక్షలు గుంజేవాళ్లున్నారు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫార్సు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. పిల్లాడికి కావలసింది స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఓపికున్న టీచరు. సికింద్రాబాద్‌లో బుద్ధి వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజానికి చోటుంది. అయినా పిల్లాడిని చంకనేసుకుని థెరపీ కోసం తెల్లారే బస్సెక్కే తల్లులు, వైకల్య సర్టిఫికెట్ కోసం తిరిగే తండ్రులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

రెండో డోసు వయసూ ఆటిజం బయటపడే వయసూ ఒకటే కావడం అనుమానానికి తావిచ్చింది. దాన్నే పనికి వచ్చేలా మార్చుకోవచ్చు. బుధవారమో శనివారమో తల్లి ఎలాగూ పిల్లాడిని ఎత్తుకుని సబ్‌సెంటర్‌కు వస్తుంది. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోమంటారు. ఆ అరగంటలో ఏఎన్ఎం అడగవలసినవి నాలుగు: పేరు పెట్టి పిలిస్తే చూస్తున్నాడా? కావలసినదాన్ని వేలితో చూపిస్తున్నాడా? కళ్లలోకి చూసి నవ్వుతున్నాడా? వచ్చిన మాటలేమైనా పోయాయా? పిల్లల ఎదుగుదల బొమ్మలు తల్లీబిడ్డ కార్డులో ఇప్పటికే అచ్చయి ఉన్నాయి. అడిగే తీరిక ఏఎన్ఎంకు ఇవ్వాలి, అనుమానం ఉన్న బిడ్డను పంపడానికి జిల్లా కేంద్రంలో థెరపిస్టు పోస్టు ఖాళీగా ఉండకూడదు. రెండు ప్రభుత్వాల ఆరోగ్య శాఖలనూ మేం అడుగుతున్నది ఇదే.