సవరణ: స్టీల్ టార్గెట్‌కి మందం కంటే గట్టిదనం ముఖ్యం

లాంగ్ రేంజ్ రైఫిల్ ప్రాక్టీస్‌కి స్టీల్ టార్గెట్లు ఎంచుకోవడం గురించి రాసిన పోస్టులో, "ప్లేటు అంగుళం మందం ఉంటే మామూలు మైల్డ్ స్టీల్ అయినా చాలు" అన్నాను. అది తప్పు. దయచేసి ఆ మాట నమ్మి ఎవరూ ప్లేటు కొనొద్దు.

ముందు చూడాల్సింది గట్టిదనం. టార్గెట్ తయారీదార్ల భద్రతా సూచనలు రైఫిల్‌కి సాధారణంగా చెప్పేది ఏఆర్500 రకం, అంటే లోహాల గట్టిదనాన్ని కొలిచే బ్రినెల్ స్కేలు మీద సుమారు 500 ఉండే స్టీల్. మైల్డ్ స్టీల్ గట్టిదనం అందులో దాదాపు పావు వంతే. మెత్తటి ప్లేటుకి తూటా తగిలితే గుంట పడి, దాని చుట్టూ అంచు పైకి లేస్తుంది. తర్వాతి తూటా ఆ గుంటలో పడిందంటే ముక్కలు పక్కలకి పోకుండా కాల్చినవాళ్ల వైపే తిరిగి రావచ్చు. గట్టి, నున్నటి ప్లేటు మీదైతే తూటా చిన్న ముక్కలై ప్లేటు వెంబడే పక్కలకి చెదిరిపోతుంది. ఎంత మందం పెంచినా ఈ తేడా పోదు.

అందుకే ఏఆర్500 అయినా సరే, గుంటలు పడ్డా, వంగినా, పగుళ్లు కనిపించినా వెంటనే తీసేయాలి.

మందం 3/8 అంగుళం, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు, చాలా రైఫిళ్లకి సరిపోతుంది. అయితే కనీసం 100 గజాల దూరం ఉండాలి, స్టీల్ కోర్ తూటాలు (లోపల స్టీల్ ఉన్నవి) వాడకూడదు. ప్లేటు పైభాగం కాస్త ముందుకి వంగేలా వేలాడదీస్తే ముక్కలు ఎక్కువగా నేల వైపు పోతాయి. కంటి అద్దాలు మాత్రం ఎంత దూరంలో ఉన్నా తప్పనిసరి.

టార్గెట్ సైజు గురించి రాసింది మారలేదు: 1000 గజాల దగ్గర ఒక ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే సుమారు పదిన్నర అంగుళాలే.