మిస్సింగ్ కొడుతోందని పార్టులు మార్చుకుంటూ పోకండి

చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్న మాట ఇది. పాత బండి మిస్సింగ్ కొడుతోంది (అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండట్లేదు), యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి అప్పుడు కదులుతోంది అని ఎవరైనా అడిగారో లేదో, సలహాలు వరసగా వచ్చి పడతాయి. ప్లగ్గులు మార్చు, కాయిల్ (ప్లగ్‌కి కరెంటు పంపేది) మార్చు, ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మేవి) క్లీన్ చేయించు, ఆక్సిజన్ సెన్సర్ వేయించు, అన్నీ అయ్యాక "ఇంజిన్ అయిపోయింది, అమ్మేసెయ్". ఇంతమందిలో ఒక్కరు కూడా "ఎప్పుడు కొడుతోంది?" అని అడగరు. నాకు కోపం తెప్పించేది అదే. చూడకుండా మార్చిన ప్రతి పార్టుకీ డబ్బు పెట్టేది ఆ బండి ఓనరే కదా.

ఎప్పుడు అన్న దాంట్లోనే సగం జవాబు ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు బాగుండి, అరగంట నడిచి బాగా వేడెక్కాక మొదలవుతోందా? అయితే ముందు కాయిల్‌నీ, ఇంజిన్ తిరుగుడు చూసే క్రాంక్ సెన్సర్‌నీ అనుమానించాలి. లోపలి తీగ చుట్ట (వైండింగ్) వేడికి తెగి, చల్లారాక మళ్లీ కలిసే రకం లోపాలు వీటిలో మామూలే, కాబట్టి చల్లటి కాయిల్‌కి మీటర్ పెట్టి "బాగానే ఉంది" అంటే ఆ మాటకి విలువ లేదు. ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) వణుకుతూ కాస్త రేజ్ చేయగానే సర్దుకుంటోందా? గాలి లీకో, ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కుపోవడమో, టాపెట్లు (వాల్వులని నెట్టే భాగాలు) మరీ టైట్‌గా ఉండడమో అయ్యే అవకాశం ఎక్కువ. ఐడ్లింగ్ శుభ్రంగా ఉండి ఎత్తు ఎక్కేటప్పుడు, పెద్ద గేర్‌లో గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే జర్క్ కొడుతోందంటే, స్పార్క్ బలహీనంగా ఉందనో ఇంధనం సరిపడా అందట్లేదనో అర్థం. లోడ్ పడ్డప్పుడు సిలిండర్ లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్ దాటాలంటే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి. అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్గూ, పాతబడ్డ ప్లగ్ వైరూ ఐడ్లింగ్‌లో ఎలాగోలా నెట్టుకొస్తాయి, లోడ్ పడగానే చేతులెత్తేస్తాయి. వానాకాలంలోనే, తడి తగిలినప్పుడే కొడుతుంటే రాత్రి చీకట్లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి వైర్ల మీద సన్నగా నీళ్లు స్ప్రే చేసి చూడండి, చేతులు మాత్రం దగ్గర పెట్టకండి. కరెంటు బయటికి దూకుతుంటే నీలం రంగు మెరుపు కంటికే కనబడుతుంది.

ఇక స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) సంగతి. పీ0302 (రెండో సిలిండర్ మిస్సింగ్ కోడ్) వచ్చింది కాబట్టి రెండో కాయిల్ పోయింది అని తేల్చేసేవాళ్లు చాలామంది. ఆ కోడ్ అలా చెప్పదు. కంప్యూటర్‌కి స్పార్క్ కనబడదు, అది చూసేది క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే వేగాన్ని. రెండో సిలిండర్ మండాల్సిన వంతులో వేగం తగ్గింది, అంతవరకే దానికి తెలుసు. కారణం కాయిల్ కావచ్చు, ప్లగ్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కాలిపోయిన వాల్వ్ కూడా కావచ్చు. తేల్చుకోవడానికి రూపాయి ఖర్చు లేని పద్ధతి ఉంది: రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడో సిలిండర్‌కి పెట్టండి, మూడోదాని కాయిల్ రెండోదానికి. కోడ్ పీ0303 అయితే తప్పు కాయిల్‌ది. కదలకుండా అక్కడే ఉంటే ప్లగ్గులు అలాగే మార్చి చూడండి, తర్వాత ఇంజెక్టర్లు. ఏ సిలిండర్ బలహీనంగా ఉందో చూడ్డానికి ఒక్కోటీ ఆపి చూసేవాళ్లు కాయిల్ కనెక్టర్ కాకుండా ఇంజెక్టర్ కనెక్టర్ తీయడం మంచిది. స్పార్క్ ఆపితే మండని పెట్రోలు నేరుగా పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడుస్తుంది.

ఆక్సిజన్ సెన్సర్ మీద కూడా అన్యాయంగా నింద పడుతుంటుంది. ఒక సిలిండర్ మండకపోతే అందులోని గాలి, ఆక్సిజన్‌తో సహా అలాగే బయటికొస్తుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ని చూసి పెట్రోలు తక్కువైందని చెబుతుంది, కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి. సెన్సర్ చెప్పింది నిజమే, దాని పని అది చేసింది. మిస్సింగ్ సరిచేయకుండా సెన్సర్ మారిస్తే కొత్తది కూడా అదే చెబుతుంది.

మా బంధువుల పాత పెట్రోలు కారుకి జరిగింది చెబుతాను. ఐడ్లింగ్‌లో స్టీరింగ్ వణికేది, సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరేటప్పుడు తడబడేది. వర్క్‌షాపులో ప్లగ్గులు మార్చారు, కాయిల్స్ అన్నీ మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, ఒక్కటీ పరీక్షించి చేసింది కాదు. వణుకు అలాగే ఉంది. స్కానర్ పెట్టి లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూస్తే ఐడ్లింగ్‌లో ప్లస్ 20 దాటుతోంది, 2500 ఆర్‌పీఎమ్‌లో పట్టి ఉంచితే దాదాపు సున్నాకి దిగుతోంది. లెక్కలోకి రాని గాలి ఎక్కడినుంచో చొరబడుతోందని దీనికి అర్థం. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే తక్కువ గాలి కాబట్టి ఆ చిన్న చిల్లు పెద్ద తేడా చేస్తుంది, రేజ్ చేసినప్పుడు లెక్కలో కలిసిపోతుంది. స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తోందో చూడడం) చేస్తే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, చెయ్యి పెట్టి తడిమితే తప్ప తెలియని చోట, ఓ రబ్బరు హోస్ వంపు దగ్గర పగిలి సన్నగా పొగ వచ్చింది. అది మార్చగానే వణుకు పోయింది. మొదటిరోజే ఆ అంకె చూసి ఉంటే ఆ కాయిల్స్ ఖర్చు ఉండేదే కాదు. దీనికి తిరగబడ్డ సందర్భం కూడా గుర్తుపెట్టుకోండి: ఐడ్లింగ్‌లో ట్రిమ్ మామూలుగా ఉండి లోడ్‌లో ప్లస్‌కి పోతుంటే ఫ్యూయల్ ఫిల్టర్, పంపు, లేదంటే మురికి పట్టిన ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) చూడాలి. ఫ్యూయల్ ప్రెషర్ ఐడ్లింగ్‌లో చూసి సరిపోయింది అనుకోవద్దు, లోడ్‌లో పడిపోతోందా లేదా అన్నదే ముఖ్యం.

ప్లగ్గులు తీసినప్పుడు పారేయకుండా ఏది ఏ సిలిండర్‌దో వరసలో పెట్టి వెలుతురులో చూడండి. పొడిగా మసి పడితే పెట్రోలు ఎక్కువైందనో, స్పార్క్ చాలట్లేదనో. నల్లగా జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ దిగుతోంది. తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనబడితే స్పార్క్ లోపల కాకుండా బయటినుంచే పారిపోతోందన్నమాట. ఆ గీత కాయిల్ బూటు (ప్లగ్ మీద కూర్చునే రబ్బరు తొడుగు) లోపల కూడా పడి ఉంటుంది, కాబట్టి ప్లగ్ ఒక్కటే మారిస్తే సరిపోదు, బూటు కూడా మార్చాలి.

కార్బురేటర్ బండ్లకి ఈ కోడ్ల గొడవే లేదు. ఇంజిన్ ఆపేసి, ఎయిర్ ఫిల్టర్ తీసి, చేత్తో థ్రాటిల్ తిప్పుతూ లోపలికి చూడండి. యాక్సిలరేటర్ పంపు (తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మేది) ఉన్న కార్బురేటర్ అయితే తిప్పిన వెంటనే సన్నటి ధారగా పెట్రోలు చిమ్మాలి. చిమ్మకపోయినా, కాస్త ఆలస్యంగా వచ్చినా ఆ పంపు డయాఫ్రమ్ పోయి ఉండొచ్చు, మీ బండి తొక్కగానే తడబడేది అందుకే కావచ్చు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) పెట్టకుండానే "ఇంజిన్ పోయింది" అనేయడం. ఇంజిన్ వేడిగా ఉండగా, ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొడితే ఒక్కో సిలిండర్ అంకె వచ్చేస్తుంది. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువ ఉంటే అందులో ఓ చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క రెండూ తక్కువైతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు). టాపెట్లు టైట్‌గా ఉండి వాల్వ్ పూర్తిగా మూసుకోకపోయినా కంప్రెషన్ తగ్గుతుంది, వాల్వ్ ఇంకా కాలిపోకముందే చూసుకుంటే సెట్టింగ్‌తో సరిపోతుంది. ఏళ్లతరబడి కుటుంబాన్ని మోసిన బండిని గంట కూడా పట్టని పరీక్ష చేయకుండా తుక్కు కింద లెక్కేస్తే ఎలా?

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండడం వేరు, టపటపా ఆరి వెలగడం వేరు. ఆరి వెలుగుతోందంటే మండని పెట్రోలు కన్వర్టర్‌ని మాడ్చేస్తోంది, వెంటనే కాలు తీసి మెల్లగా పక్కకి ఆపండి.

ఎవరైనా నన్ను అడగాలనుకుంటే దయచేసి ఇవి రాయండి: బండి ఏది, ఎంత తిరిగింది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఐడ్లింగ్‌లోనా లోడ్‌లోనా, కోడ్ ఏమొచ్చింది, ఐడ్లింగ్‌లోనూ 2500లోనూ ట్రిమ్ ఎంత, ప్లగ్గుల ఫొటో ఏది ఎన్నో సిలిండర్‌దో చెబుతూ. ఇప్పటిదాకా ఏం మార్చారో కూడా రాయండి, కొత్త పార్టు లోపంతో వచ్చిన సందర్భాలు కూడా ఉంటాయి కాబట్టి పాతవి పారేయకుండా దగ్గరే ఉంచుకోండి.