సవరణ: అనంతపురం ప్రొఫెసర్ 'నానో మందు' గురించి

అనంతపురంలో ఓ ఫార్మసీ ప్రొఫెసర్ క్యాన్సర్‌కు కొత్త నానో మందు కనిపెట్టారని, దానికి దుష్ప్రభావాలే ఉండవని మొన్న రాశాను. రెండూ తప్పే, సరిచూసుకోకుండా పెట్టాను. ఆ ల్యాబు విద్యార్థి ఒకరు విడమరిచి చెప్పారు: అది కొత్త మందు కాదు, ఉన్న కీమో మందునే కణితి దాకా మోసుకెళ్లే నానో రేణువు, అంటే కంటికి కనపడనంత చిన్న రేణువు. పరీక్షలింకా ల్యాబులో పెంచిన కణాల మీదే.

1995లో అమెరికాలో అనుమతి వచ్చిన డాక్సిల్ ఇలాంటిదే. డాక్సోరూబిసిన్ అనే కీమో మందును కొవ్వు పొర బుడగల్లో పెట్టి ఎక్కిస్తారు. గుండెకు హాని తగ్గింది గానీ, కొందరికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడుతుంది.

తాడిపత్రి నుంచి ఒకాయన వాళ్లమ్మ కోసం ఆ ప్రొఫెసర్ మందెక్కడ దొరుకుతుందని అడిగారు. ఎక్కడా దొరకదు. దయచేసి నడుస్తున్న కీమో ఎవరూ ఆపొద్దు.