వీడ్కోలు సభల్లో వినిపించే చరిత్ర: ఒక సందేశానికి ఖండన

పదో తరగతి, ఇంటర్ విద్యార్థులకు వీడ్కోలు సభలు జరిగే రోజుల్లో ఒక వాట్సాప్ సందేశం ఏటా అప్పుడే పుట్టినట్టు తిరుగుతూ ఉంటుంది. ఐన్‌స్టీన్ లెక్కల్లో తప్పాడనీ, ఎడిసన్‌ను మందబుద్ధి అంటూ బడి పంపిన ఉత్తరాన్ని తల్లి మార్చి చదివి వినిపించిందనీ, లింకన్ తన కొడుకు ఉపాధ్యాయుడికి గొప్ప లేఖ రాశాడనీ, రామానుజన్ కాలేజీ పరీక్ష తప్పాడనీ వరుసగా చెప్పి, కాబట్టి మార్కులతో పనిలేదు, గ్రోత్ మైండ్‌సెట్ (తెలివి సాధనతో పెరుగుతుందన్న నమ్మకం) అంటే ఇదే అని అది ముగుస్తుంది. చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఈ కథలను వేదికల మీద చాలాసార్లు విన్నాను. సరిచూసుకోకుండా ఒకటి రెండుసార్లు నేనే చెప్పాను కూడా. ఆ బాకీ తీర్చుకోవడానికే ఒక్కొక్క కథనూ ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఐన్‌స్టీన్ లెక్కల్లో ఎన్నడూ తప్పలేదు. 1896లో స్విట్జర్లాండ్‌లోని ఆరౌ పాఠశాల ఇచ్చిన ధ్రువపత్రంలో ఆయనకు బీజగణితంలోనూ, రేఖాగణితంలోనూ, భౌతికశాస్త్రంలోనూ ఆరుకు ఆరు వచ్చాయి. ఫ్రెంచిలో మాత్రం మూడే. జర్మనీ బడుల్లో 1 అన్నిటికంటే మంచి గ్రేడు, స్విట్జర్లాండ్‌లో 6 మంచిది కాబట్టి, ఆ పత్రాన్ని తలకిందులుగా చదివినవారికి ఆయన మొద్దులాగే కనిపిస్తాడు. ఆయన నిజంగా తప్పినది 1895లో రాసిన జ్యూరిక్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష. అప్పటికి ఆయన వయసు పదహారు, అంటే ఆ పరీక్ష రాసే మామూలు వయసుకంటే రెండేళ్లు తక్కువ. అయినా లెక్కలు, భౌతికశాస్త్రాల్లో రాణించి, మిగిలిన విషయాల్లో వెనకబడ్డాడు. ఆ తర్వాత ఆరౌలో ఏడాదిపాటు కూర్చుని చదివి, మరుసటి ఏడు అదే పాలిటెక్నిక్‌లో చేరాడు. లెక్కల్లో తప్పాడన్న వార్తను 1935లో ప్రిన్స్‌టన్‌లో ఎవరో చూపించినప్పుడు, అది అబద్ధమనీ, పదిహేనేళ్లు నిండకముందే తనకు కలనగణితం పట్టుబడిందనీ ఆయనే చెప్పాడు. ఇక వాదన అక్కర్లేదు.

ఎడిసన్ కథ మరింత కన్నీళ్లు పెట్టించేది. తల్లి పోయిన చాలా ఏళ్లకు పాత పెట్టెలో ఆ ఉత్తరం దొరికిందనీ, బడి తనను మందబుద్ధి అన్నట్టు అప్పుడే తెలిసిందనీ సందేశం చెబుతుంది. ఎడిసన్ స్వయంగా చెప్పుకున్నది ఇందుకు పూర్తిగా విరుద్ధం. తన బుర్ర సరిగా లేదని ఉపాధ్యాయుడు ఇన్‌స్పెక్టరుతో అంటుండగా ఆయనే విని, ఇంటికి వెళ్లి తల్లికి చెప్పాడు. ఆమె కోపంతో బడికి వెళ్లి నిలదీసి, ఆపైన కొడుకును ఇంట్లోనే చదివించింది. దాచడానికి ఉత్తరమూ లేదు, తెలియని రహస్యమూ లేదు. పైగా ఆ తల్లి నాన్సీ పెళ్లికి ముందు బడిపంతులమ్మగా పనిచేసిన మనిషి. అబద్ధపు కథలో ఆమె ఒక తీయని మాట చెప్పి ఊరుకుంటుంది. అసలు చరిత్రలో రోజూ పాఠం చెబుతుంది. ఏది గొప్పదో పిల్లలే తేల్చుకోగలరు.

బల్బు కోసం పదివేలసార్లు ఓడిపోయాడన్న మాట కూడా ఈ సందేశంలో ఉంటుంది. వేల ప్రయోగాల సంభాషణ అసలు బల్బుకు సంబంధించినదే కాదు, తర్వాతి కాలంలో తయారుచేసిన బ్యాటరీకి సంబంధించినది. 1879 నాటి దీపం వెనక మెన్లో పార్క్‌లోని ఎడిసన్ ప్రయోగశాల ఉంది. గణితం చదివిన అప్టన్, చేతిపనిలో ఆరితేరిన బ్యాచిలర్ వంటి సహచరులు ఉన్నారు. ఏది పనిచేయలేదో రాసిపెట్టుకున్న నోటు పుస్తకాలు ఉన్నాయి.

రామానుజన్ గురించి చెప్పినది మాత్రం నిజమే. లెక్కలు తప్ప మిగతావాటిని పట్టించుకోక కుంభకోణం కాలేజీలో ఉపకారవేతనం పోగొట్టుకున్నాడు. 1905లో ఇల్లు వదిలి విశాఖపట్నం వైపు వచ్చేశాడు. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ వంటిది) పరీక్ష తప్పాడు, మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. పరీక్షల పద్ధతి ఆయన్ను పోల్చుకోలేకపోయిందన్న విమర్శ న్యాయమైనదే, కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీ కూడా ఆ చదువుల తీరును తప్పుబట్టాడు. కానీ సందేశం ఇక్కడే గంతు వేసి, పరీక్ష తప్పిన కుర్రవాణ్ణి నేరుగా కేంబ్రిడ్జిలో దింపుతుంది. నడుమ ఏం జరిగింది? నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నాడు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా కొలువు దొరికింది. 1913 జనవరిలో హార్డీకి ఉత్తరం వెళ్లింది. అదే ఏడు మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల వేతనం మంజూరు చేసింది. రామానుజన్ విషయంలో అసలు విషాదం చిన్న వయసులో చనిపోవడం కాదనీ, దారిచూపేవారు లేక గడిచిన ఆ అయిదేళ్లలో ఆయన ప్రతిభ పక్కదారి పట్టడమేననీ హార్డీ తర్వాత రాశాడు. చదువు తప్పడం మేలు చేసిందనడానికి ఈ జీవితాన్ని సాక్ష్యంగా తెచ్చేవారు ఆ మాటను ఒకసారి చదవాలి.

ఇక గ్రోత్ మైండ్‌సెట్. ఈ భావనను ప్రచారంలోకి తెచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ డ్వెక్ చెప్పేది తెలివి పుట్టుకతో గీసిన గీత కాదని, సాధనతోనూ, సరైన పద్ధతులతోనూ, ఇతరుల సాయంతోనూ పెరుగుతుందని. ఆమె, క్లాడియా ముల్లర్ కలిసి 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, నువ్వు తెలివైనవాడివి అని మెచ్చుకోలు పొందిన అయిదో తరగతి పిల్లలు కష్టమైన చిక్కుప్రశ్నలు ఎదురవగానే చతికిలపడ్డారు. బాగా కష్టపడ్డావు అన్న మాట విన్నవారు పట్టు వదల్లేదు. ఇప్పుడు వాట్సాప్ కథలను మళ్లీ చూడండి: లోపల మేధావి ముందే ఉన్నాడు, గుడ్డి పంతుళ్లు గుర్తించలేదు, కాలం గుర్తించింది. తెలివి పుట్టుకతోనే వస్తుందన్న నమ్మకమే ఇది; డ్వెక్ తోసిపుచ్చిన ఆ నమ్మకమే పేరు మార్చుకుని వచ్చింది. అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి విద్యార్థులకు ఈ గ్రోత్ మైండ్‌సెట్ భావనను పరిచయం చేసి చూసిన, 2019లో వెలువడిన అధ్యయనంలో సైతం, వెనకబడిన పిల్లల సగటు గ్రేడు పెరిగింది దాదాపు 0.1 మాత్రమే. అది ఉపయోగమే, మంత్రం మాత్రం కాదు.

లింకన్ లేఖను కావాలనే చివరికి ఉంచాను. కొడుకు ఉపాధ్యాయుడికి రాసినట్టు చెప్పే ఆ లేఖకు మూలప్రతి లేదు, తేదీ లేదు, అందుకున్న ఉపాధ్యాయుడి పేరు లేదు. 1953లో వెలువడిన లింకన్ రచనల సంపుటాల్లోనూ అది లేదు. అయితే ఆ సంపుటాల్లో మరొక లేఖ ఉంది. 1860 జూలై 22న, అధ్యక్ష పదవికి అభ్యర్థిగా ఉన్న రోజుల్లో, స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి తన కొడుకు రాబర్ట్ స్నేహితుడు జార్జ్ లేథమ్‌కు ఆయన దాన్ని రాశాడు. లేథమ్ హార్వర్డ్ ప్రవేశ పరీక్ష తప్పాడు. ఆ వార్త విని తాను పడ్డంత బాధ జీవితంలో అరుదుగా పడ్డానని లింకన్ మొదలుపెడతాడు. అధైర్యానికి లొంగకపోతే అందులో పెద్దగా పోయేదేమీ లేదంటాడు. ఒకసారి ప్రయత్నించావు గనుక ఇక సాధించి తీరాలి, తీరాలి అన్నదే మాట అంటాడు. హార్వర్డ్ ఎందుకూ పనికిరాదనీ, పరీక్ష పెట్టినవారు మూర్ఖులనీ ఒక్క మాట కూడా అనడు. అలా రాయడానికి ఆయన ఇంట్లోనే కారణం ఉంది: అంతకు ముందటి ఏడు రాబర్ట్ అదే పరీక్ష తప్పి, ఎక్సెటర్ అకాడమీలో ఏడాదిపాటు చదివి, మళ్లీ రాసి, ఆ వేసవిలోనే హార్వర్డ్‌లో సీటు తెచ్చుకున్నాడు.