క్లోమానికి రక్తం తగ్గితే జరిగేది

పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) గురించి చదివిన ఒక వ్యాసంలో, జీర్ణ ఎంజైములు క్లోమాన్నే అరిగించేస్తాయని బాగా వివరించారు. రక్తప్రసరణ సంగతి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మామూలు వాపు కణజాలం చచ్చిపోయే దాకా ఎందుకు ముదురుతుందో తెలిసేది అక్కడే.

క్లోమంలో ఒక్కో చిన్న భాగానికి రక్తం తెచ్చేది చాలావరకు ఒకే సన్నని ధమని. అది ముడుచుకుంటే ఆదుకునే పక్కదారి ఉండదు. వాపు మొదలయ్యాక కేశనాళికల నుంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది, లోపల మిగిలిన రక్తం చిక్కబడి సన్న నాళాల్లో గడ్డకడుతుంది. ఆక్సిజన్ అందని కణాలు చచ్చి వాపును ఇంకా రేపుతాయి.

రక్తం చిక్కబడిందో లేదో తెలియాలంటే రిపోర్టులో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) చూడండి. ఆసుపత్రిలో చేరినప్పుడు 44 దాటి ఉండి, 24 గంటలకూ దిగకపోతే జాగ్రత్త పడాల్సిందే. బ్లడ్ యూరియా పెరుగుతుంటే మరీను.

అందుకే మొదటి రోజు సెలైన్ అంత ముఖ్యం, అందులోనూ రింగర్ లాక్టేట్ అనే రకం అయితే మేలు. అలాగని బాటిళ్ల మీద బాటిళ్లు ఎక్కించడమూ తప్పే. పాంక్రియాటైటిస్ రోగులకు సెలైన్ ఎంత ఇవ్వాలో పరీక్షించిన 2022 నాటి వాటర్‌ఫాల్ ట్రయల్‌లో ఉధృతంగా ఎక్కించినవారిలో 20.5 శాతం మందికి ఒంట్లో నీరు ఎక్కువైంది, మితంగా ఇచ్చినవారిలో 6.3 శాతానికే. మితం అంటే 60 కిలోల మనిషికి గంటకు 90 మిల్లీలీటర్లు. ఒంట్లో నీరు తగ్గి ఉంటే దానికి ముందు రెండు గంటల్లో 600. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఈ లెక్క డాక్టరు మార్చాలి.

మొదటి రోజే సీటీ తీసి 'నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం) లేదు' అంటే ధీమా పడొద్దు. అది స్కాన్‌లో స్పష్టంగా తేలడానికి 72 గంటలైనా పడుతుంది.