కత్తికి ఏమీ కాకూడదు

విశాఖపట్నంలో పాతిక వేల రూపాయలు పోసి అడవి విహారాలకని చేసిన అవుట్‌డోర్ కత్తి కొన్న పౌరుడికి పులి భయం లేదు, దొంగ భయం లేదు. ఉన్నదల్లా గాలి భయం. సాయంత్రం సముద్రం మీది నుంచి గాలి వీస్తే ఊరంతా హాయి అనుకుంటుంది, అతడు లేచి కిటికీ మూస్తాడు. ఆ ఉప్పు తేమ కిటికీ చువ్వలను తింటుంది, స్కూటరు సైలెన్సర్లను తింటుంది, మేడమీది ఏసీ పెట్టెలను తింటుంది. వాటి కోసం ఎవరూ దుఃఖించరు, వాటికి జీవితకాల వారంటీ లేదు కాబట్టి. బీచ్ రోడ్డు పక్కన ఇసుక మీద కూర్చున్న కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. మూడు దశాబ్దాలు ఉప్పునీటిలో మునిగి తేలిన ఆ ఇనుము కొనుగోలు రశీదు ఎక్కడుందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మన పౌరుడి దగ్గర మాత్రం రశీదు ఉంది. లామినేషన్ కూడా చేయించాడు.

ఈ వ్యాసం అతడి పక్షాన రాస్తున్నాను. అతడిని చూసి నవ్వేవాళ్లకు కొదవలేదు, వకాల్తా పుచ్చుకునేవాళ్లే కరువు.

ఉక్కు ఊళ్లో ఉంటూ కత్తికి విదేశాల దాకా వెళ్లాలా అని కొందరి ఆక్షేపణ. మన కర్మాగారం చేసేది కడ్డీలు, తీగచుట్టలు, కోణాలు. వాటితో ఇల్లు కట్టుకోవచ్చు, ఉల్లిపాయ తరగలేం. ఒకప్పుడు నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కును పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయారు. ఆ లెక్కన మనవాళ్లు ఇప్పుడు పాత బాకీ తీరుస్తున్నారనుకోవాలి.

అసలు కత్తి ఉక్కు సంగతి మన పౌరుడికి తెలిసినంతగా కొలిమి దగ్గర కూర్చున్నవాడికి కూడా తెలియదు. 1095 రకం ఉక్కు అంటే అందులో కార్బన్ ఒక శాతానికి కాస్త తక్కువ, క్రోమియం దాదాపు సున్నా. విశాఖలో దాని వాదరను తుడవకుండా ఒక రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి గోధుమరంగు చుక్కలు పలకరిస్తాయి. డీ2లో క్రోమియం 12 శాతం దాకా ఉన్నా పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, ఆ క్రోమియంలో చాలా భాగం కార్బైడ్లనే గట్టి రేణువుల్లో చిక్కుకుపోయి తుప్పును ఆపడానికి ఖాళీ లేకుండా ఉంటుంది. (ప్రభుత్వ కార్యాలయాల్లో సిబ్బంది ఉన్నారో లేరో లెక్కపెట్టేటప్పుడు ఈ సూత్రం పనికొస్తుంది.) హెచ్1 అనే ఉక్కు ఉంది, అందులో కార్బన్ బాగా తక్కువ, ఉప్పునీళ్లలో వేసినా దాదాపు చెక్కుచెదరదు. కానీ పదును ఎక్కువ కాలం నిలుపుకోదని పెద్దలు పెదవి విరుస్తారు. కాఠిన్యం పెంచితే అంచు పెళుసై పెచ్చులూడుతుంది, తగ్గిస్తే మొద్దుబారుతుంది. ఈ తగువు తీర్చడానికి ల్యారిన్ థామస్ అనే లోహశాస్త్రజ్ఞుడు మాగ్నాకట్ అనే మిశ్రమం రూపొందించాడు. 2021లో అది బయటికి రాగానే కత్తి ప్రపంచం ఊపిరి పీల్చుకుంది. దాన్ని తయారుచేసిన క్రూసిబుల్ సంస్థ 2024 డిసెంబరులో దివాలా కోర్టు మెట్లెక్కింది. ఉక్కు తుప్పు పట్టలేదు, కంపెనీకి పట్టింది.

ఇక వారంటీ పత్రం. మన పౌరుడు దాన్ని చదివినంత శ్రద్ధగా ఈ ఊళ్లో సొంత ఫ్లాటు దస్తావేజు చదివినవాళ్లు కూడా ఉండరు. మొదటి వాక్యంలో రాజుగారు వరమిస్తారు: జీవితాంతం మాది పూచీ. బక్ కంపెనీ అయితే ఏకంగా ‘ఫరెవర్’ అంటుంది. లెదర్‌మన్ వాళ్లు కాస్త లౌక్యులు, 25 ఏళ్లు అని గీత గీశారు. రెండో వాక్యం నుంచి సాధారణంగా మంత్రిగారు మాట్లాడతారు. లోహంలోనో తయారీలోనో లోపం ఉంటేనే. మామూలు అరుగుదలకు వర్తించదు. అశ్రద్ధకు వర్తించదు, తుప్పు అశ్రద్ధ కిందికే వస్తుంది. మూత మీటితే వర్తించదు. విసిరితే వర్తించదు. దుర్వినియోగం చేస్తే వర్తించదు, ఏది దుర్వినియోగమో మేమే చెబుతాం. ఇదే కత్తి ప్రకటనలో మాత్రం ఓ గడ్డం మనిషి దాన్ని దుంగ మీద నిలబెట్టి, వీపు మీద కర్రతో బాదుతూ కట్టెలు చీలుస్తుంటాడు. ఆ వీడియో తీసినవారు, పత్రం రాసినవారు ఒకే ఆఫీసులో భోజనం చేస్తారో లేదో!

రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసిన మన పౌరుడు సరైన నిర్ణయానికే వచ్చాడు. వాడితే వారంటీ పోతుంది, వాడకపోతే జన్మంతా ఉంటుంది. కోసే కత్తి పూర్ణా మార్కెట్‌లో మూడు వందలకు దొరుకుతుంది. మిగతా ఇరవై నాలుగు వేల ఏడు వందలు దేనికి పోసినట్టు? వారంటీకే కదా. అంత ఖరీదైన వస్తువును ఒక్క టమాటా కోసం చెడగొట్టుకునేవాడిని ఏమనాలి? బంగారు కత్తి అని మెడ కోసుకోలేం అన్నారు పెద్దలు. ఈ కత్తితో మెడే కాదు, మామిడికాయ కూడా కోసుకోలేం.

ఈ క్రమశిక్షణను భంగపరిచే కంపెనీలు లేకపోలేదు. అమెరికాలోని ఈఎస్ఈఈ అనే సంస్థ తన కత్తి విరిగితే, అది ఎవరి చేతిలో ఉన్నా, రశీదు లేకపోయినా, ఎలా విరిగిందని ఆరా తీయకుండా మార్చి ఇస్తానంటుంది. ఇది చాలా ప్రమాదకరమైన ధోరణి. ఇలాంటి వారంటీలు ఇస్తూ పోతే జనం కత్తులు వాడటం మొదలుపెట్టే అవకాశం ఉంది. అదృష్టవశాత్తూ విశాఖ నుంచి విరిగిన కత్తిని అక్కడికి చేర్చడం అంత సులభం కాదు. కొరియర్ కౌంటర్ దగ్గర ఈ సంభాషణ దాటాలి.

“పార్శిల్‌లో ఏముందండీ?”

“కత్తి.”

అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

“భయం లేదమ్మా, విరిగిపోయింది.”

“విరిగిన కత్తిని అమెరికా పంపుతున్నారా?”

“అక్కడ కొత్తది ఇస్తారు.”

“ఇక్కడ దొరకవా సార్?”

ఈ చివరి ప్రశ్నకు మన పౌరుడు జవాబు చెప్పడు. చెప్పాలంటే పైన రాసిన మూడు పేరాలూ నిలబడి చెప్పాలి, వెనక క్యూ ఉంది. రానుపోను ఖర్చు, వచ్చే కత్తి మీద కస్టమ్స్ వారి ప్రేమ కలిపితే ఉచితంగా మార్చి ఇచ్చిన కత్తి ధర అసలు ధరను పలకరిస్తుంది. మన దేశంలోనే తేల్చుకుందామంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చల్లగా ఉంది. ఐదు లక్షల లోపు వస్తువుకు జిల్లా కమిషన్‌లో రుసుము లేదు, మన ఊళ్లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. కాకపోతే గొడవ పుట్టిన రెండేళ్లలోపే చేయాలి. వారంటీ జీవితాంతం, ఓపిక రెండేళ్లు. ప్రతివాది అమెరికా నుంచి వాయిదాకు వస్తాడా అన్నది వేరే సంగతి.

అంటే మన పౌరుడు కత్తిని బయటికి తీయనే తీయడని కాదు. మొన్న చలికాలం దాన్ని అరకు తీసుకెళ్లాడు. కత్తి నడుముకు ఉంది, చొక్కా పైకి దోపి ఉంది, ఒర అందరికీ కనబడుతూనే ఉంది. రిసార్టులో చలిమంట ప్యాకేజీలో భాగం కాబట్టి కట్టెలు చీల్చాల్సిన అగత్యం కలగలేదు. ఒక కుర్రాడు దుంగలు పేర్చి, డీజిల్ చిలకరించి, అగ్గిపుల్ల గీశాడు. బొంగు చికెన్ వచ్చింది. బొంగును చీల్చింది అక్కడి గిరిజన వంటవాడి కత్తి, మన కత్తి పర్యవేక్షించింది. స్వీడన్ వైమానిక దళం 1995 నుంచి తన పైలట్లకు ఫాల్‌క్‌నివెన్ వారి ఎఫ్1 కత్తి ఇస్తోంది, విమానం కూలి మంచు అడవిలో పడితే బతికి బయటపడటానికి. మన పౌరుడి దగ్గరా అదే ఉంది. విశాఖ–హైదరాబాద్ విమానంలో దాన్ని చేతిసంచిలో పెట్టుకోనివ్వరు కాబట్టి, ఆపద వస్తే అతడు ఒక చోట, కత్తి సామాను అరలో మరో చోట పడతారు. అయినా వారంటీకి ఢోకా లేదు.

నిష్పాక్షికత కోసం రెండో పక్షాన్ని కూడా విచారించాను. జగదాంబ కూడలికి కాస్త ఇవతల కొబ్బరిబొండాల బండి ఉంది. బండివాడి చేతిలోని కత్తి పాత లారీ కమాను ముక్కను కమ్మరి కాల్చి కొట్టి ఇచ్చినది.

“దీనికి గ్యారంటీ ఏమైనా ఉందా?” అన్నాను.

“దేనికి బాబుగారూ, బొండానికా?”

“కత్తికి.”

అతడు దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాడు. “పదును పోతే ఆకురాయి పెడతాను. పిడి ఊడితే మార్పిస్తాను.”

“విరిగితే?”

“విరగదండీ. వంగుతుంది.”

“వంగితే?”

“తిరగేసి కొడతాను.”

ఇంత నిర్లక్ష్యం! శాస్త్రం మాత్రం దురదృష్టవశాత్తూ అతడి వైపే ఉంది. కమాను ఉక్కులో కార్బన్ 0.6 శాతం దగ్గర ఉంటుంది, స్ప్రింగుగా బతకడానికి పుట్టిన లోహం. కమ్మరి దాన్ని మరీ గట్టిపరచడు, అందుకే దెబ్బ తగిలితే అంచు పెచ్చు ఊడకుండా మడతపడుతుంది, మడతను ఆకురాయి సరిచేస్తుంది. ఇంతకీ మొదటి కొనుగోలుదారు ఎవరని అడిగాను. వాళ్ల నాన్నట. రశీదు లేదు, బదిలీ పత్రం లేదు, నామినీ లేడు. ఆయుధ నిబంధనలు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన కత్తుల మీద ఓ కన్నేసి ఉంచినా, పని కోసం చేసిన కత్తులను విడిచిపెడతాయి కాబట్టి చట్టానికీ అతడి మీద పట్టు లేదు. మన పౌరుడి కత్తి నాలుగు అంగుళాలే. పనీ లేదు, పొడవూ లేదు, నిబంధనలకు రెండు విధాలా అతీతం.

ఫిషింగ్ హార్బర్‌లో పరిస్థితి ఇంకా విషమం. అక్కడ వంజరం ముక్కలు కొట్టే ఆడవాళ్ల కత్తిపీటలు రోజూ రాయి మీద సాగి సాగి, కొన్నప్పటి వెడల్పులో సగం కూడా మిగలకుండా ఉన్నాయి. పత్రంలో ‘మామూలు అరుగుదల’ అని రెండు మాటల్లో కొట్టిపారేసినది అదే. ఒకామెను కంపెనీ పేరు అడిగితే, చేప కొంటావా లేదా అని అడిగింది. పావుకిలో కొన్నాను.

దసరా నాడు మాత్రం కత్తులన్నీ సమానమే. ఆయుధపూజకు ఆకురాయి, స్క్రూడ్రైవరు, స్కూటరు పక్కనే మన పౌరుడి కత్తి కూడా పీట ఎక్కుతుంది. ఇక్కడొక చిక్కు. తడి కుంకుమ బొట్టు రాత్రంతా కార్బన్ ఉక్కు మీద ఉంటే మచ్చ పడుతుంది. నిమ్మకాయ కోస్తే పులుపు అంచును నల్లబరుస్తుంది. పూజ వల్ల కలిగిన మచ్చ అశ్రద్ధ కిందికి వస్తుందా, శ్రద్ధ కిందికి వస్తుందా? ఏ కంపెనీ పత్రమూ దీనికి సమాధానం చెప్పలేదు. అందుకని అతడు బొట్టు ఒర మీద పెడతాడు, నిమ్మకాయను వంటింటి చాకుతో కోస్తాడు, దిష్టి గుమ్మడికాయను నేలకేసి కొడతాడు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతకు ఆ ఇంట్లో పని లేదు, ఏడు కత్తులకు ఏడు ఒరలున్నాయి.

ఈమధ్య అతడికి ఓ కొత్త దిగులు పట్టుకుంది. చాలా కంపెనీల పూచీ మొదటి కొనుగోలుదారుకే పరిమితం. తన తర్వాత ఈ కత్తులు కొడుకులకు వెళ్తాయి, వారంటీలు తనతోనే పోతాయి. ప్లీడరు గారిని కలిసి వీలునామా రాయించాడు. కత్తులు పెద్దవాడికి, వారంటీ కార్డులు చిన్నవాడికి. ఎవరికీ అన్యాయం జరగలేదని ఇద్దరూ సంతకం పెట్టారు.