వంటగట్టుకు గ్రానైటే వేయాలని ఎవరన్నారు?

అమెరికాలో పాత ఇల్లు కొన్న తెలుగువాళ్లకు తాళాలు చేతికి రాకముందే ఒక సలహా అందుతుంది: "ముందు ఆ లామినేట్ పీకించేసి గ్రానైట్ వేయించండి." లామినేట్ అంటే చెక్క పలక మీద పలుచని గట్టి రేకు అతికించిన గట్టు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు పాలు పొంగాయా లేదా అని చూడరు, వంటగట్టును వేలి కణుపుతో తట్టి చూస్తారు. రాయి మోగితే మనకు మంచి రోజులు వచ్చినట్టు, చెక్క మోగితే ఇంకా రానట్టు.

మా ఒహాయో ఇంట్లో ఉబ్బిపోయిన పాత లామినేట్ గట్టు తీసేసి కొత్త లామినేట్ గట్టే వేశాను. వేయించలేదు, వేశాను. రెండో కొస మావారు పట్టుకున్నారు. చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం ఆయన వైపు తిరిగి, "మీకు ఈ పని కూడా వచ్చా అండీ?" అని అడుగుతారు. ఆయన నన్ను చూపిస్తే నవ్వేసి, ఏ రంపం వాడారని మళ్లీ ఆయన్నే అడుగుతారు. దాని మీద వేరే పోస్టు రాయవచ్చు, ఇప్పుడు గట్టు సంగతే చూద్దాం.

నేను చెప్పేది ఒక్కటే. గ్రానైట్ ఇంకొకరి చేత వేయించుకోవలసిన వస్తువు. లామినేట్ మన చేతులతో మనం వేసుకోగల వస్తువు. ఆ ఒక్క గుణానికైనా మన ఇళ్లలో దానికి ఇంత చిన్నచూపు తగదు. 3 సెంటీమీటర్ల మందం గ్రానైట్ చదరపు అడుగుకు ఏడెనిమిది కిలోలు తూగుతుంది. కోయాలంటే నీళ్లు పోస్తూ వజ్రపు పొడి అద్దిన బ్లేడు తిప్పాలి. లామినేట్ గట్టును ఇద్దరు మనుషులు మోయగలరు, చెక్క కోసే రంపమే దాన్నీ కోస్తుంది. మాకు రాతికి చెప్పిన ధర వేల డాలర్లలో, దీనికి అయిన ఖర్చు వందల్లో. కానీ డబ్బు మిగిలిందంటే జాలి పడతారు తప్ప వినరు కాబట్టి ఆ వాదన పక్కన పెడుతున్నాను.

ఇక్కడున్న మనలో ఇంజినీరింగ్ చదివినవాళ్లకు కొదవ లేదు. మొదటి ఏడాది వర్క్‌షాపులో ఇనుపముక్కను వైసులో బిగించి, అరచేతులు బొబ్బలెక్కేలా ఆకురాయితో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. ఇప్పుడు గోడకు మేకు కొట్టాలన్నా మనిషిని పిలుస్తాం. చేతకాక కాదు, చేస్తే నామోషీ అని. ఊళ్లో వడ్రంగిని తండ్రి వయసువాడైనా "ఒరేయ్" అని పిలిచిన అలవాటు మనతోపాటే విమానం ఎక్కి వచ్చింది. మా పక్కింటి పెద్దాయన బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, తన వంటిల్లంతా తానే బిగించుకున్నారు. ఆయనను చూసి ఇక్కడ జాలిపడిన మనిషి లేడు.

మా అత్తయ్య వచ్చినప్పుడు గట్టు అంచు తడిమి, "ఇదేమిటమ్మా, చెక్క మీద కాగితం అంటించావా?" అన్నారు. అక్షరాలా నిజం. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితాలకు ఫినాలిక్ రెజిన్, పైన వేసే రంగు కాగితానికి మెలమిన్ రెజిన్ అనే జిగుర్లు పట్టించి, అన్నిటినీ పేర్చి వేడి మీద విపరీతమైన ఒత్తిడితో నొక్కితే సుమారు మిల్లీమీటరు మందాన గట్టి రేకు తయారవుతుంది. దాన్ని పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టు నొక్కి చేసిన పలక మీద అతికిస్తారు. మన దగ్గర సన్‌మైకా పేరుతో అల్మరా తలుపులకు వేసేది ఈ జాతిదే. ఈ రేకుకు పేరు తెచ్చిన కంపెనీ పుట్టింది మేముంటున్న రాష్ట్రంలోనే. 1913లో ఓకానర్, ఫేబర్ అనే ఇద్దరు సిన్సినాటిలో ఫార్మైకా కంపెనీ పెట్టింది వంటిళ్ల కోసం కాదు, విద్యుత్ పరికరాల్లో అభ్రకానికి బదులు వాడటానికి. అత్తయ్య పుట్టిల్లు గూడూరు దగ్గర, అభ్రకం గనుల సీమ. "అయితే మా ఊరి బేరానికి అడ్డుపడింది ఇదేనన్నమాట" అన్నారు. ఆ కోపంతోనో ఏమో, మర్నాడు దాని మీదే కొబ్బరికాయ కొట్టబోయారు.

ఇక పని సంగతి. ముందు అంచు గుండ్రంగా మలిచి, వెనక గోడపట్టీ కలిసే వచ్చే ముక్కలు దుకాణంలో తయారుగా దొరుకుతాయి. కింది అల్మరాల లోతు 24 అంగుళాలు, గట్టు 25 అంగుళాల పైచిలుకు. ఎల్ ఆకారపు మూలకు 45 డిగ్రీల కోత కోసిన ముక్కలు ఎడమకు, కుడికి వేరువేరుగా అమ్ముతారు. జిగురు పూసి, కింది నుంచి బోల్టులు బిగిస్తే సరిపోతుంది. అసలు పరీక్ష గోడ పెడుతుంది. ఏ మేస్త్రీ కట్టినా తిన్నటి గోడ అనేది లేదు. ముక్కను ఆనిస్తే ఒకచోట అతుక్కుని, ఇంకోచోట వేలు దూరేంత సందు కనిపిస్తుంది. వృత్తలేఖినికి పెన్సిల్ తగిలించి, ముల్లును గోడ వెంట జరుపుతూ పోతే గోడ వంకరంతా పట్టీ మీద గీతగా దిగుతుంది. ఆ గీత దాకా శాండరుతో అరగదీయాలి. మళ్లీ ఆనించాలి, మళ్లీ అరగదీయాలి. ఈ ఓపిక లేక ఆ సందంతా సిలికాన్‌తో పూడ్చి మమ అనిపించేవాళ్ల మీద నాకు గౌరవం లేదు.

నాకు బాగా నచ్చింది కొసలకు అతికించే పట్టీ. దాని వెనక జిగురు ముందే పూసి ఉంటుంది. ఇస్త్రీపెట్టె వేడిచేసి పైన మెల్లగా జరిపితే జిగురు కరుగుతుంది. వెంటనే చెక్కముక్కతో అదిమి చల్లారనివ్వాలి. చల్లారాక మిగిలిన అంచును ఆకురాయితో రాయాలి. ఆకురాయిని గట్టు వైపు తోసేటప్పుడే రాయాలి, వెనక్కి లాగేటప్పుడు రాస్తే పెచ్చు లేస్తుంది. కాలేజీ వర్క్‌షాపులో నేర్చుకున్నది నా సంసారంలో పనికొచ్చింది ఇక్కడే.

లామినేట్‌కు శత్రువు వేడి కన్నా ముందు నీళ్లు. సింకు కోసం కోసిన రంధ్రం చుట్టూ పార్టికల్ బోర్డు పచ్చిగా బయటపడుతుంది. దానికి వార్నిష్ పట్టించకుండా సింకు దించితే గట్టు ఉబ్బడం ఖాయం. గిన్నెలు కడిగే యంత్రం పైన ఆవిరి తగిలేచోట గట్టు అడుగున అల్యూమినియం రేకు టేపు అంటించాలి. ఆ యంత్రం మీదికి అతుకు రాకుండా చూసుకోవాలి. మేస్త్రీలు హడావిడిలో వదిలేసేవి కూడా ఇవే. మన ఇంట్లో మనం వదలం.

లోపాలు లేవనను. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే పై పొర పొక్కుతుంది. పసుపు మరక తెల్ల రంగు గట్టును ఒక పట్టాన వదలదు. కత్తితో దాని మీదే తరిగితే గీతలు పడతాయి, అవి పోవు. చింతపండు పులుసు, నిమ్మరసం మాత్రం దీన్ని ఏమీ చేయలేవు. ఖరీదైన పాలరాతి గట్టుంటే ఆ రెండు ఒలికినప్పుడు గుండె గుభేలుమంటుంది.

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకుంటున్న మా చెల్లెలికి ఇదే సలహా ఇస్తానా అంటే, ఇవ్వను. అక్కడ గట్టు మీద చెంబుతో నీళ్లు పోసి కడుగుతారు, రాయి దగ్గర్లోనే దొరుకుతుంది. ఒంగోలు పక్కన చీమకుర్తిలో తవ్విన బ్లాక్ గెలాక్సీ రాయి ఆ ఇంటికి రావడంలో ఒక న్యాయం ఉంది. అదే రాయి సముద్రాలు దాటి ఒహాయో వస్తే, దాన్ని వేల డాలర్లు పోసి కొని, "ఇంపోర్టెడ్" అని మనమే చెప్పుకుంటే ఏమనాలి?

"గ్రానైట్ కాకపోతే క్వార్ట్‌జ్" అనేవాళ్లకు ఇంకో మాట. ఆ కృత్రిమ రాతి పలకల్లో సాధారణంగా 90 శాతం దాకా స్ఫటిక సిలికా ఉంటుంది. పొడిగా కోసినప్పుడు లేచే ధూళి కోసేవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. అందుకే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ కృత్రిమ రాయిని నిషేధించింది. లామినేట్ కోసినా దుమ్ము లేస్తుంది, మాస్కు పెట్టుకోవలసిందే. కాకపోతే ఇక్కడ పీల్చేది నా ఊపిరి, పెట్టుకునేది నా మాస్కు.

"అమ్మేటప్పుడు రేటు రాదు కదా?" అని అడగబోయేవాళ్లకు ముందే చెబుతున్నాను. కొనేవాళ్లు నచ్చకపోతే నా లామినేట్‌నైనా పీకుతారు, మీ గ్రానైట్‌నైనా పీకుతారు. రాబోయే కొనుగోలుదారుడి కోసం నేను ఇప్పుడు వంటింట్లో అద్దెకున్నట్టు బతకలేను.

వేసుకుందామనుకునేవాళ్లు గోడల కొలతలు, సింకు ఎక్కడుందో గీసిన కాగితం పంపితే చూసిపెడతాను. రంపం, శాండరు అరువిస్తాను. బ్లేడు మాత్రం మీరే కొనుక్కోండి, మాస్కు కూడా.